నంద్యాల బండికి దొరకని వార్మరు

నంద్యాల బండి శిరివెళ్ల దాటిందని ఫోను వస్తే చాలు, మా ఆళ్లగడ్డ ఆస్పత్రిలో సగం సామాను మాయమయ్యేది. మాయం చేసేది లూదియా.

ఒకే ట్రస్టుకు రెండు ఆస్పత్రులు. పెద్దది నంద్యాలలో, చిన్నది మా ఊళ్లో. పెద్దదానికి ఏదైనా తక్కువైతే చిన్నదాని దగ్గరికి వచ్చి, "రెండు రోజులకు ఇయ్యండి" అని పట్టుకుపోతారు. నంద్యాల వాళ్ల రెండు రోజులు ఎంత పొడుగో మాకు తెలుసు. మా చక్రాల కుర్చీ అట్లా పోయింది. చివరిసారి అందులో కూర్చుని తిరిగిన చిన్నపిల్లకు పెళ్లయి కాన్పు కూడా అయింది, కుర్చీ మాత్రం ఇంకా రాలేదు.

లూదియా కాన్పుల వార్డుకు పెద్ద సిస్టరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె వార్డులో ఆమె మాటే మాట. డాక్టరమ్మ కూడా తలుపు దగ్గర చెప్పులు విడిచాకే లోపలికి అడుగుపెట్టాలి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ఆ గొంతు బస్టాండు దాకా వినిపిస్తుంది. అదే గొంతుతో నొప్పులు పడే ఆడదాన్ని తిడుతుంది, ఆ తిట్లకు భయపడే బిడ్డలు త్వరగా బయటికి వస్తారని మా ఊళ్లో అంటారు.

నా అంగడి ఆస్పత్రి గేటుకు ఎదురుగానే. స్టీలు సామాన్ల అంగడి. గిన్నెల మీద పేర్లు కొట్టేది నేనే. నా చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది కానీ, ఈ ఊరి పెళ్లిళ్లలో చేతులు మారిన బిందెల మీద ఉన్నది నా రాతే. ఏ డాక్టరు రాతైనా నా రాత పక్కన పెట్టి చూడండి, ఏది చదవగలరో మీకే తెలుస్తుంది.

లూదియా దాచే పద్ధతి చూసి తీరాలి. బీపీ మిషన్లు బియ్యం డబ్బాలోకి పోతాయి. స్ట్రెచరు చర్చి వెనక గదిలోకి పోతుంది. కొన్ని నా అంగడి అటక ఎక్కుతాయి. ఒకసారి బండి చెప్పాపెట్టకుండా వచ్చేసింది. గొంతులో కఫం లాగే మిషను ఒకటి వార్డు మధ్యలో ఉండిపోయింది. లూదియా దాని మీద దుప్పటి కప్పి, కోడలి కాన్పుకు వచ్చిన ముసలామెను పట్టుకొచ్చి దాని మీద కూర్చోబెట్టింది.

"ఈ అవ్వకు ఆయాసం. లేపితే నాకు సంబంధం ల్యా" అంది వచ్చినవాళ్లతో.

అవ్వ కూడా గట్టిదే. వాళ్లు పోయేదాకా ఆయాసపడుతూనే కూర్చుంది. పోయాక లేచి, "మేయ్ లూదియా, నీ కుర్చీ గుచ్చుకుంటాది, మెత్త వేయించు" అంది.

ఇక వార్మరు సంగతి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే మిషను అది. చక్రాల మీద చిన్న మంచం, పైన వేడి దీపం, బిడ్డ పొట్టకు అంటించే సన్నటి వైరు. ఆ వైరు బిడ్డ ఒంటి వేడిని చూసి దీపానికి చెబుతుందట. అది రాకముందు మా ఊళ్లో తొందరపడి పుట్టిన బిడ్డను దూదిలో చుట్టి, గంట దారి అంబులెన్సులో నంద్యాలకు పంపేవాళ్లు. దారిలో చల్లబడిన బిడ్డలను లూదియా చూసింది. వాళ్ల గురించి ఆమె మాట్లాడదు. అందుకే ట్రస్టు వాళ్ల వెంటపడి, పోరి, చివరికి వాళ్ల మీటింగు గుమ్మంలోనే కూర్చుని ఆ వార్మరు తెప్పించుకుంది. తన కూతురి పెళ్లి నగలనైనా ఎవరికైనా చూపిస్తుంది కానీ, వార్మరును మాత్రం నంద్యాల వాళ్ల కంట పడనీయలేదు.

ఇట్లా దాచుకుని సుఖంగా బతుకుతుండగా బార్‌కోడ్లు వచ్చాయి.

తెచ్చినవాడు వినయ్. నందికొట్కూరు పిల్లగాడు, నంద్యాల ఆఫీసులో కంప్యూటరు పని. ఒక చేతిలో నల్లగీతల స్టిక్కర్ల చుట్ట, ఇంకో చేతిలో తుపాకిలాంటి మిషను. వార్డులో దేని మీదైనా స్టిక్కరు అంటించి తుపాకి చూపిస్తే టిక్ అంటుంది. అంతే, ఆ వస్తువు ఏది, ఎక్కడుంది, ఎప్పుడు రిపేరు చేయాలి, అన్నీ నంద్యాల కంప్యూటరులో కనబడతాయి.

"ఏందీ, ఈడ మంచం కదిలితే ఆడ తెలుస్తాదా?" అంది లూదియా.

"కదిలితే కాదక్కా. ఈ గన్నుతో కొడితే తెలుస్తాది. యాడ కొడితే ఆడ ఉన్నట్టు లెక్క."

"అంటే మా ఇంట్లో ఏముందో పక్కింటోళ్లకు చెప్పే మిషను."

"అక్కా, ఇది మంచికే. రిపేరు వస్తే నంబరు చూసి మెకానిక్ పరిగెత్తుకొస్తాడు. సామాను పోయేది ఉండదు."

"పోయేది ఉండదు సరే. తెచ్చుకునేది ఉంటాదా? మా చక్రాల కుర్చీని కొట్టు టిక్కని, వస్తాదేమో చూద్దాం."

వినయ్ నవ్వి తన పని తాను చేసుకున్నాడు. మంచివాడు. మంచివాళ్లతోనే లూదియాకు కష్టం, తిట్టడానికి పట్టు దొరకదు. లోగడ దాచినవి దాచిన చోటే ఉన్నాయి కానీ, ఆ రోజు చెప్పకుండా వచ్చాడు కాబట్టి వార్మరు దాచే వ్యవధి లేదు. దానికీ ఒక స్టిక్కరు పడింది, టిక్ అంది. వెనక షెడ్డులో ఇంకో వార్మరు ఉంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. నంద్యాల వాళ్లు ఆ చచ్చినదాన్నే మాకు "బహుమతి" అని పంపారు. లూదియా దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసుకుంటోంది.

"ఇదేందక్కా?" అన్నాడు వినయ్.

"గుడ్డల స్టాండు" అంది. వదిలేసి వెళ్లాడు.

లూదియా భయపడినంతా జరిగింది. నంద్యాలలో ఒక వార్మరు చెడిపోగానే అక్కడి స్టోర్సు పెద్ద సుబ్బరాయుడు కంప్యూటరు ముందు కూర్చుని చూశాడు. ఆళ్లగడ్డలో ఒకటి తళతళలాడుతూ కనబడింది. వెంటనే ఫోను. రేపు పొద్దున బండి వస్తోంది, వార్మరు ఎక్కించండి, రెండు రోజులకే.

లూదియా ఫోను పెట్టేసి నేరుగా నా అంగడికి వచ్చింది.

"గౌరక్కా, స్టీలు గిన్నె మీద స్టిక్కరు చినగకుండా యెట్ల తీస్తావు?"

"గోటితో గీకితే బంక మిగిలిపోతాది. రొంత వేడి చూపించు. అంచు లేస్తాది. అంచు పట్టుకుని మెల్లగా లాగితే కొత్తదాని మాదిరి వస్తాది."

ఆమె మొహం వెలిగిపోయింది. వార్మరును పూర్తి వేడి మీద పెట్టింది. తన వేడికి తన స్టిక్కరే లేచింది. ఆ స్టిక్కరును తీసుకెళ్లి షెడ్డులోని గుడ్డల స్టాండుకు అంటించింది. చచ్చినదాన్ని సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసి, చక్రాలు తుడిచి నిలబెడితే రెండూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి, ఒకే కంపెనీ, ఒకే రంగు. మరుసటి రోజు పొద్దున్నే ప్రాణమున్న వార్మరు మీద చీర కప్పి, రోడ్డు దాటించి నా గోదాములోకి తోసింది. బండ్లన్నీ ఆగి దారిచ్చాయి. లోపల పెళ్లికూతురు ఉందనుకున్నారో ఏమో.

నంద్యాల నుంచి వచ్చినవాళ్లు ఆ సాయంత్రానికే తిరిగిపోవాలి. తుపాకి చూపించారు. టిక్. నంబరు సరిపోయింది. ప్లగ్గు పెట్టి చూద్దామనే ఆలోచన ఎవరికీ రాలేదు, కంప్యూటరే ఒప్పుకున్నాక మనిషి అడిగేదేముంటుంది? ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆ రోజు లూదియా వార్డంతటికీ బొరుగులు, మిరపకాయ బజ్జీలు తెప్పించింది.

మరుసటి రోజు సుబ్బరాయుడి ఫోను. రోడ్డు మీద నిలబడినా వినిపించేంత గట్టిగా.

"ఏందమ్మా ఇది? దీపం వెలగదు, వేడి రాదు!"

"ఈడ ఉన్నంత సేపు బంగారం మాదిరి ఉండె. దారిలో మీవోళ్లు ఏ గుంతలో ఎత్తేసినారో!"

ఆయన పళ్లు కొరికి, ఆళ్లగడ్డ వార్మరు నంద్యాలకు వచ్చింది, పనికిరాదు, తుక్కు అని కంప్యూటరులో పెట్టేశాడు. లూదియా గెలిచాననుకుంది. నేనూ అనుకున్నాను. వార్మరు మళ్లీ రోడ్డు దాటి తన గదికి చేరింది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక పొద్దున వార్మరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. బిడ్డ పొట్టకు అంటించే వైరు లోపల తెగింది. వేడి ఎంతుందో మిషనుకు తెలియదు. తెలియకపోతే దీపం ఆరిపోతుంది.

ట్రస్టు మెకానిక్ ప్రేమ్ సాగర్ ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. తుపాకి తెచ్చి వార్మరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"స్టిక్కరు యాడ సిస్టర్?"

"ఊడిపోయింది నాయనా."

ఫోనులో వెతికాడు. "ఆళ్లగడ్డ వార్మరు నంద్యాలకు పోయింది. ఆడ తుక్కులో ఉంది."

"మరి నీ ముందర నిలబడి అరిచేది యేంది? దయ్యమా?"

"నాకు కనబడతాంది సిస్టర్. కంప్యూటరుకు కనబళ్లా. నంబరు లేందే కొత్త వైరు ఇయ్యరు. నంబరు లేని మిషను ముట్టుకుని రేపు బిడ్డకేమన్నా అయితే నా ఉద్యోగం పోతాది, నీదీ పోతాది."

అన్నది న్యాయమే. లూదియా అరిచే మిషను ప్లగ్గు తీసేసింది.

అప్పటికి వార్డులో శ్రీవాణి అనే పిల్ల ఉంది. ప్యాపిలి నుంచి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెలలోనే నొప్పులు మొదలై, మందుతో ఆపారు. రేపో మాపో అంటోంది డాక్టరమ్మ. వార్మరు లేకపోతే ఆ పిల్లను ఇప్పుడే నంద్యాలకు పంపుతానంది.

"ఈ నొప్పులతో నన్ను అంత దూరం బండిలో కుదపాకండి సిస్టర్" అని శ్రీవాణి లూదియా చెయ్యి వదల్లేదు. "బిడ్డ దారిలో పుడితే?"

లూదియా ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని నా అంగడికి వచ్చింది.

"అక్కా, పద. నంద్యాల పోదాం."

"పోయి ఏం చెప్తావు?"

"నిజం. ఇంగ అబద్ధాలన్నీ అయిపోయినాయి."

"నిజం చెప్తే వార్మరు పట్టుకుపోతారు కదమ్మా."

"చెప్పకపోతే అది ఈడ్నే చస్తాది. నువ్వు యాపారం చేసేదానివి, బేరానికి నువ్వు తోడుండాల."

అంగడి మూసి బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ప్రార్థన చేస్తోందేమోనని నేను పలకరించలేదు. నంద్యాల బస్టాండులో దిగాక, "ఆ సుబ్బరాయునికి మీసం ఒకపక్క పొడుగు, గమనించినావా?" అంది. ప్రార్థన కాదన్నమాట.

సుబ్బరాయుడి గదిలో ఆయనా, వినయూ ఉన్నారు. లూదియా కుర్చీ లాక్కుని కూర్చుని, స్టిక్కరు ఎట్లా తీసింది, ఎక్కడ అంటించింది, వార్మరును ఎక్కడ దాచింది, అన్నీ ఒక్క ఊపిరిన చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. వినయ్ కిటికీ వైపు తిరిగాడు, వాడి భుజాలు కదులుతున్నాయి.

"చచ్చినదాన్ని అంటగట్టి మమ్మల్ని మోసం చేసినావా!"

"మొదట చచ్చినదాన్ని మాకు అంటగట్టింది యెవరప్పా? మీ బహుమతి మీకే పంపించినాం."

"ఇప్పుడు నేను చేసేదేముంది? కంప్యూటరు ప్రకారం ఆళ్లగడ్డ వార్మరు నంద్యాలకు వచ్చేసింది. బతికిందని పెడితే అది నంద్యాలది. బండి పంపుతా."

లూదియా పన్నిన ఎత్తే ఆమె మెడకు చుట్టుకుంది. మోసం చేస్తూ చేస్తూ వార్మరును తన చేత్తోనే నంద్యాల పేరున రాసిచ్చేసింది.

బేరంలో మొదట ఎదుటివాడికి ఏం కావాలో చూడాలి. నా పని అదే. ఆయన బల్ల మీద కంప్యూటరులో ఎర్రటి గీతలు చాలా కనబడుతున్నాయి.

"ఆ ఎర్రవన్నీ యేంది నాయనా?" అన్నాను.

వినయ్ నోరు జారాడు. "కొన్నట్టు ఉండి యాడా కనబడని సామాన్లవ్వా. ఆళ్లగడ్డవే ఎక్కువ. ట్రస్టోళ్లు సార్‌ను రోజూ తింటాండారు, యాడికి అమ్ముకున్నావని."

సుబ్బరాయుడు వాడి వైపు చూసిన చూపుకు పాలు విరిగిపోతాయి.

లూదియా నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆ సామాను ఏ డబ్బాలో, ఏ అటక మీద ఉందో మా ఇద్దరికీ తెలుసు.

"అప్పా సుబ్బరాయుడూ" అంది, గొంతులో వెన్న రాసుకుని. "ఆ సామాను యాడికీ పోలేదు. భద్రంగా ఉండాది."

"యాడుంది?"

"యాడుందో చెప్తే నీ మీద నిందపోతాది. నువ్వు నా వార్మరును ఆళ్లగడ్డ పేరున రాయి. నేను సామానంతా బయట పెడతా, ప్రతిదానికీ టిక్ కొట్టించుకో."

"నాతో బేరమాడతాండావా?"

"అంగడామెను తోడు తెచ్చుకున్యా గదా, మరి యెందుకనుకుంటివి?"

"వార్మరు పోతే నంద్యాలలో బిడ్డలకు యేం చేయాల? వాళ్లు బిడ్డలు కాదా?" అన్నాడు. ఆ మాట మాత్రం నాకు నచ్చింది. అప్పటిదాకా ఆయన మీద ఉన్న అభిప్రాయం ఒక మెట్టు పెరిగింది.

లూదియాకూ తగిలింది. గొంతులో వెన్న తీసేసి మాట్లాడింది. "బిడ్డలే. మీకు ఒకటి తక్కువుందని ట్రస్టోళ్లకు యెట్ల తెలుస్తాది, నువ్వు మాది తెచ్చి గుంత పూడుస్తాంటే? ఉన్నది ఉన్నట్టు చూపించు. రెండూళ్లకు కలిపి యెంత తక్కువో ఆ మిషనే చెప్తాది. అప్పుడు అడుగు, కొంటారు. నేనూ నీతో వచ్చి మీటింగు గుమ్మంలో కూర్చుంటా."

సుబ్బరాయుడు మీసం దువ్వుకున్నాడు, పొడుగు పక్కన. "ఒక్క సామాను దాచినట్టు తెలిసినా వార్మరు ఆ పొద్దే బండెక్కుతాది."

"సరే."

"నంద్యాల బండి వస్తే తలుపులు మూసేది ఉండదు."

"సరేలేప్పా."

వినయ్ అప్పటికే స్టిక్కరు ముద్రిస్తున్నాడు. ప్రేమ్ సాగర్‌కు ఫోను పోయింది. కొత్త వైరు హైదరాబాదు నుంచి రావాలట. తుక్కులో పడేసిన చచ్చిన వార్మరు వైరు బాగానే ఉందని తేలితే, దాన్ని విప్పి కాగితంలో చుట్టి మా చేతికిచ్చారు. బస్సులో లూదియా ఆ పొట్లాన్ని కొంగులో కట్టుకుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పనికొచ్చే వస్తువు రావడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ప్రేమ్ సాగర్ కొత్త స్టిక్కరుకు టిక్ కొట్టి, వైరు మార్చాడు. దీపం వెలిగింది. మరుసటి రోజు వినయ్ తుపాకి పట్టుకుని వచ్చాడు, దాచినవి బయటికి రావాల్సిన రోజు.

అదొక తిరునాళ్ల. బియ్యం డబ్బాలోంచి బీపీ మిషన్లు, చర్చి వెనక నుంచి స్ట్రెచరు, స్నానాల గదిలోంచి మంచాలు. నా అటక మీద నుంచి బిడ్డలను తూచే త్రాసు దిగింది. దాన్ని నేను మధ్యమధ్య రాగి సామాను తూచడానికి వాడిన మాట నిజమే. ఖాళీగా పెట్టి తుప్పు పట్టించడం ఎందుకు? ఎక్కడ ఏం దాచిందో లూదియాకే గుర్తులేక, వార్డు ఆయాలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకొస్తుంటే, "ఇది కూడా మనదేనా!" అని ఆశ్చర్యపోయింది. వినయ్ టిక్ టిక్ మని కొట్టి కొట్టి చెయ్యి నొప్పంటూ కూర్చున్నాడు. తుపాకి లూదియా అందుకుంది. అంతే, ఇక ఇవ్వలేదు. చూసిన ప్రతిదాన్నీ కాల్చింది. నా చేతిలోని టీ గ్లాసుకు కూడా గురిపెట్టింది.

శ్రీవాణికి ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత బిడ్డ. లూదియా తల్లిని తిట్టిన తిట్లు నా అంగడి దాకా వినిపించాయి, తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది, తర్వాత లూదియా పాట. నేను పోయి అద్దం బయట నుంచి చూశాను. ఎర్రటి దీపం కింద బిడ్డ కాళ్లు చాపుకుని నిద్రపోతోంది, పొట్ట మీద ఆ సన్నటి వైరు.

రెండో రోజు నంద్యాల బండి వచ్చింది. హారన్ వినగానే ఆయాలు అలవాటు కొద్దీ స్ట్రెచరును స్నానాల గదిలోకి తోయబోయారు.

"ఆపండే! యాడికి తోస్తాండారు?" అని అరిచింది లూదియా. "తలుపులు తీయండి. అన్నీ తీయండి."

సుబ్బరాయుడు తనిఖీకి వచ్చాడు. ఒక్కొక్కటి చూశాడు. ఎర్రగీత ఒక్కటీ మిగల్లేదు. చివరికి వార్మరు గది గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బిడ్డ అప్పుడే కళ్లు తెరిచి ఆయన మీసం వైపు చూసింది. ఆయన వంగి, మొహమంతా మెత్తబడి, నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి వార్మరు కమ్మీ మీద వేశాడు.

లూదియా వచ్చి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"చూసుకోప్పా, యెంతసేపైనా చూసుకో. కమ్మీ మాత్రం పట్టుకోవాకు, దానికి చక్రాలుండాయి."